ఆల్టీమీటరు చెప్పిన ఎత్తు

ఫిజిక్సు లాబ్‌లో బారోమీటరు ముందు ఆవులించే మిత్రులకు నేనీ సంగతి చెబుతుంటాను. 2012 మార్చి 15న నార్వే వైమానిక దళం వారి హెర్క్యులిస్ విమానమొకటి, శీతాకాల సైనిక విన్యాసాల్లో భాగంగా ఎవెనెస్ నుంచి స్వీడన్‌లోని కిరునాకు బయల్దేరింది. లోపల అయిదుగురు. దారిలో స్వీడన్‌కెల్లా ఎత్తయిన కెబ్నెకైసె పర్వతం, సుమారు 2,100 మీటర్లు. ఆవేళ దానిచుట్టూ మబ్బు, పెనుగాలి.

7,000 అడుగులకు, అంటే దాదాపు 2,130 మీటర్లకు, దిగడానికి అనుమతి దొరికింది. కొండకన్నా ఎక్కువే కదా అంటారేమో! కాని ఆల్టీమీటరు ఎత్తును కొలవదండీ, గాలి ఒత్తిడిని కొలుస్తుంది. ఆ 7,000 అన్నది సముద్రమట్టం దగ్గర 1013.25 మిల్లీబార్లు ఉన్నాయనుకొని కట్టిన లెక్క. అసలు ఒత్తిడి తక్కువైతే, మిల్లీబారుకు సుమారు 8 మీటర్ల చొప్పున విమానం ముల్లు చూపేదానికంటే కిందే ఉంటుంది. గాలి మరీ చల్లబడినా అంతే. హెర్క్యులిస్ కొండను ఢీకొన్నది 2,014 మీటర్ల దగ్గర. అయిదుగురూ పోయారు.

నేల దగ్గరపడితే హెచ్చరించే పరికరం విమానంలో ఉంది, అది నోరెత్తలేదు. స్వీడన్ దర్యాప్తు సంఘం నెపం ఏ ఒక్కరి నెత్తినా వేయలేదు. ఆ ఎత్తు అక్కడి కొండలకు చాలదన్న సంగతి అనుమతి ఇచ్చిన కంట్రోలర్లకూ తట్టలేదు, దాన్ని అందుకున్న పైలట్లకూ తట్టలేదు.