వేంపల్లెలో మహిళా పొదుపు సంఘములకు శాశ్వత విపణి - ఒక పరిశీలన

శ్రావణమాసమున ఏ శనివారమునాడైనను వేంపల్లె బజారులో నిలుచున్నవారికి గండి క్షేత్రమునకు పోవు జనము ఎడతెగక కనబడును. పాపఘ్ని నది కొండలను చీల్చుకొని వచ్చుచోట వెలసిన వీరాంజనేయస్వామి దర్శనమునకు బస్సులలోను, ఆటోలలోను, కాలినడకనను సాగిపోవు ఆ జనములో ఏదో ఒకటి కొనకుండ ఇల్లు చేరువారు అరుదు. ఆ కొన్న వస్తువులలో మన చుట్టుపట్ల పల్లెల పొదుపు సంఘముల స్త్రీలు చేసినవి ఎన్ని? ఈ ప్రశ్నయే మా ఈ చిన్న వ్యాసమునకు మూలము.

సంఘముల చరిత్ర మన పాఠకులకు కొత్త కాదు గనుక క్లుప్తముగా చెప్పుదుము. 1982లో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన డ్వాక్రా పథకములో పదిహేను ఇరువదిమంది స్త్రీలు ఒక సంఘముగా ఏర్పడినచో వారికి 15,000 రూపాయల మూలనిధి లభించెడిది. 1992లో నాబార్డు సంఘములను బ్యాంకులతో కలుపు పద్ధతిని ప్రవేశపెట్టినది. అదే కాలమున నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరములు నేర్చుకొనుచున్న స్త్రీలు సారాయిపై తిరుగబడినారు. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రములో సారాయి నిషేధమైనది. సారాయికి పోయెడి రూపాయి పొదుపు పెట్టెలోనికి మళ్ళవలెనన్న భావము ఆ ఉద్యమమునుండియే ఊరూర పాకినది. 1999 ఏప్రిల్ 1న డ్వాక్రా మరొక పథకములో కలిసిపోయినను, మన పల్లెలలో నేటికిని సంఘమును డ్వాక్రా అనియే పిలుచుచున్నారు. పథకము పోయినది, పేరు నిలిచినది.

ఇన్ని సంవత్సరములలో స్త్రీలు పొదుపు నేర్చినారు, తీర్మానము వ్రాయుట నేర్చినారు, బ్యాంకు మేనేజరు ఎదుట కూర్చుండి మాటలాడుట నేర్చినారు. అప్పు పుట్టుట సులభమైనది. సరుకు అమ్ముడుపోవుట మాత్రము సులభము కాలేదు. అమ్మకమునకై ప్రభుత్వములు చూపిన ముఖ్యమైన మార్గము ప్రదర్శనలు. డ్వాక్రా బజారులని, సరస్ మేళాలని పట్టణములలో కొన్ని దినములు పందిళ్ళు వేసి అమ్మకములు జరిపించుచున్నారు. వీనిని మేము తక్కువ చేయుట లేదు. గడప దాటని స్త్రీ నగరమునకు పోయి తన సరుకునకు తానే ధర చెప్పుట చిన్న విషయము కాదు. అయితే పందిరి విప్పిన మరునాడు ఆమె ఏమి చేయవలెను?

విద్యార్థి మిత్రులు ఇచ్చట ఒక లెక్క వేయవలెను. ఇది ఊహకు వేసిన లెక్కయే గాని ఏ ఒక్క సంఘముదియు కాదు. పదిమంది సభ్యులు లక్ష రూపాయల అప్పు తీసికొని ఇరువది నెలలలో తీర్చవలెననుకొందము. బ్యాంకు వడ్డీని ప్రక్కన పెట్టినచో ఒక్కొక్కరి నెల కంతు 500 రూపాయలు. ఆరునెలలకొక ప్రదర్శన చొప్పున ఏడాదికి రెండు జరుగును; దారి ఖర్చులు పోగా ఒక్కొక్క దానిలో సభ్యురాలికి 3,000 రూపాయలు మిగులును. ఏడాది ఆదాయము 6,000, ఏడాది కంతులు 6,000. కాగితముమీద లెక్క సరిపోయినది.

కాని కంతు నెలనెలా వచ్చును, ఆదాయము ఆరునెలలకు వచ్చును. మొదటి అయిదు నెలల కంతులను ఆమె ఎక్కడనుండి తేవలెను? ఊరిలో మూడు రూపాయల వడ్డీకి తెచ్చినదనుకొందము. మొదటి 500 మీద అయిదు నెలల వడ్డీ 75, రెండవదానిమీద 60, ఆపైన 45, 30, 15. మొత్తము 225. రెండవ ఆరునెలలకును అంతే. అనగా ఏడాదికి 450 రూపాయలు, దాదాపు ఒక నెల కంతు, కేవలము కాలము కలిసిరానందున పోయినది. ఆమె పనిలో లోపము లేదు, సరుకులో లోపము లేదు. పైగా వేరుశనగ ఉండలు, నువ్వుల ఉండలు ప్రదర్శన వచ్చువరకు కాచుకొని ఉండవు. నిలువయున్నచో నూనె వాసన కొట్టును. కావుననే ఏడాది పొడుగున తెరచియుండు అంగడి కావలెనని మేము వాదించుచున్నాము.

అయితే లెక్కను సగములో ఆపుట న్యాయము కాదు. అంగడికి అద్దె కలదు, కరెంటు కలదు, కూర్చుండువారికి కూలి కలదు. వీనికై అమ్మకముపై నూటికి అయిదు రూపాయలు కోసినారనుకొందము. నెలకు 2,000 అమ్మి 500 మిగుల్చుకొను స్త్రీ అంగడికి 100 ఇచ్చుకొనవలెను. ఏడాదికి 1,200. మిగిలిన వడ్డీ 450 మాత్రమే! కనుక అమ్మకము పెరుగనిచో శాశ్వతమైన అంగడి ఆమెకు నష్టమే. ఆమె అమ్మకము నెలకు సుమారు 2,300 చేరినప్పుడు ప్రదర్శనలతో సమానమగును. అంతకు మించినదే లాభము. మరొక సంగతి: పదిమంది సంఘము అంత అమ్మినను అంగడి పెట్టెలో పడునది నెలకు 1,150 రూపాయలు. అంగడి ఖర్చు నెలకు 12,000 అనుకొన్నచో పది పదకొండు సంఘములు కలిసినగాని తలుపు తెరువలేరు. ఒక్క సంఘముతో అయ్యెడి పని కాదు. మండల సమాఖ్య పూనుకొనవలసిన పని.

కావున ముందుగా తేలవలసినది భవనము కాదు, స్థలము. ఊరికి దూరముగా, భూమి ఉచితముగా దొరికినదని కట్టిన భవనములు తాళములతో ఉండుట మనము చూడని దృశ్యము కాదు. జనము నడచుచోటికి అంగడి పోవలెను గాని, అంగడి ఉన్నచోటికి జనము రారు. 1999 జనవరి 26న మన రాష్ట్రములో ఆరంభమైన రైతు బజారులు నిలిచినవనిన, ప్రతి ఇంటికి ప్రతిదినము కావలసిన కూరగాయలు అక్కడ ఉండుటయే ముఖ్యకారణము. 1994లో తెరచిన ఢిల్లీ హాట్ మరొక ఉపాయము చూపినది. అక్కడ ప్రాంగణము శాశ్వతము, అమ్మువారు మాత్రము పదిహేను దినములకొకసారి మారుచుందురు. అందుచేత కొనువారికి ఎప్పుడును కొత్త సరుకు కనబడును. మణిపూరు రాజధాని ఇంఫాలులోని ఇమా కైతేల్, అనగా తల్లుల బజారు, వీనికంటె ఎంతో ప్రాచీనమైనది. వేలకొలది అమ్మువారందరును స్త్రీలే. బజారులో కూర్చుండు హక్కు తల్లినుండి కూతురికో కోడలికో సంక్రమించుట అక్కడి ఆచారము. 1939లో బియ్యపు ఎగుమతులకు వ్యతిరేకముగా మణిపూరు స్త్రీలు సాగించిన పోరాటములో ఈ బజారు స్త్రీలు ముందు నిలిచినారు. మన సంతలలో కూరలు, చేపలు అమ్ము స్త్రీలకు ఏ హక్కు పత్రము కలదో పాఠకులే ఆలోచింతురు గాక.

అంత దూరమేల? మన పొరుగున పులివెందులలో 2021లో పట్టణ పొదుపు సంఘముల స్త్రీలు తలా కొంత వాటా వేసికొని మహిళా మార్టును ప్రారంభించినారు. అందులో మేము గమనించిన విశేషము, అది కేవలము సంఘముల సరుకును అమ్ము ప్రదర్శనశాల కాక నిత్యావసర సరుకుల అంగడి అగుట. సబ్బుకై వచ్చిన గృహిణి ప్రక్క బల్లపైనున్న కారముపొడిని చూచును. కారముపొడి కొరకే ఎవరును ప్రత్యేకముగా రారు.

వేంపల్లెకు ఈ విషయమున అనుకూలతలు తక్కువ కావు. కడప, పులివెందులల నడుమ రాకపోకలు మన ఊరిమీదుగా జరుగుచున్నవి. గండికి పోవు యాత్రికులున్నారు. 2008లో ఏర్పడిన ఇడుపులపాయ విద్యాలయములో ఇల్లు విడిచి చదువుకొను విద్యార్థులు వేలమంది ఉన్నారు. ఇంటి తిండి రుచికి వారికంటె మంచి గిరాకీ ఎవరు? బస్టాండు దాపున ఒక గది, అదే సంఘమువారు శ్రావణ శనివారములలో గండి దారిలో వేయు బల్ల, ఈ రెండును కలిసినచో ఆరంభమునకు చాలును.

మన ఊరి ముస్లిం స్త్రీల సంగతి వేరుగా చెప్పవలసియున్నది. ఇంటివద్దనే కుట్టుపని చేయువారు, జరీ అల్లికలు తెలిసినవారు, రంజానుకు సేమ్యాలు చేయువారు వీరిలో ఎందరో కలరు. బజారులో కూర్చుండుటకు కొందరికి ఇంట సమ్మతి ఉండదు. కొందరికి తామే ఇష్టపడరు. వడ్డీ లావాదేవీ ధర్మసమ్మతము కాదని సంఘములలోనే చేరనివారును కలరు. వీరందరి సరుకును ఉమ్మడి అంగడి అమ్మిపెట్టవచ్చును; సరుకు ఇచ్చుటకు అప్పు తీసికొనియుండవలెనను నిబంధన ఉండరాదు. ఇంకొక ముచ్చట. రంజాను ఏటేటా పది పదకొండు దినములు ముందునకు జరుగును, శ్రావణమో దాదాపు తన చోటనే ఉండును. సేమ్యాల గిరాకీ ఒక ఏడు వేసవిలో వచ్చిన, కొన్ని యేండ్లకు చలికాలములో వచ్చును. అంగడి నడుపువారు రెండు పంచాంగములను గోడకు తగిలించుకొనవలెను.

నిర్వహణలో మూడు విషయములు మాత్రము గట్టిగా చెప్పుదుము. మొదటిది, అమ్మిన దినముననే గాని, కనీసము వారమునకొకసారి గాని స్త్రీ చేతికి డబ్బు ముట్టవలెను. నెలల తరబడి బాకీ పెట్టు అంగడికి సరుకు రాదు. రెండవది, అరువు లేదు. చుట్టమైనను, సర్పంచి యింటివారైనను లేదు. మూడవది నాణ్యము. ఈ వారము కరకరలాడిన అప్పడము వచ్చే వారము మెత్తబడినచో, నష్టపోవునది అది చేసిన స్త్రీ ఒక్కతె కాదు, ఆ బల్లపై సరుకు పెట్టిన పది సంఘములును. తిను పదార్థములకు ఆహార భద్రతా చట్టము క్రింద నమోదు అవసరము. పొట్లముపై చేసినవారి చిరునామా, నికర తూకము, ధర, కట్టిన నెల ఉండవలెను. ఇవి అధికారులకై చేయు పనులని కొందరు విసుగుకొందురు. కాని పట్టణములోని పెద్ద అంగడివాడు పొట్లము తిప్పి మొదట చూచునవి ఇవియే.

లెక్కల భాషను గూర్చి ఒక మాట. ఖాతా, జమ, ఖర్చు, బాకీ, రసీదు, దుకాణము, బజారు - ఇవన్నియు ఉర్దూ పారసీకముల ద్వారా మన తెలుగు ఇండ్లలోనికి వచ్చి, మనవే అయిపోయినవి. అంగడి, సంత అను మాటలు మన పాతవి. పొదుపు పుస్తకము వ్రాయు స్త్రీ ఒకే పుటలో ఈ రెండు వంశముల మాటలను కలిపి వ్రాయుచున్నది, ఎవరును నేర్పకుండగనే.

కళాశాల కమిటీ పెద్దలకు మా మనవి చిన్నది. గది కట్టించుమని అడుగుట లేదు. వారమునకొక దినము కళాశాల ముందు వరండాలో రెండు బల్లలు వేసికొనుటకు దగ్గరి సంఘములకు అనుమతి ఇచ్చినచో, ఒక విద్యా సంవత్సరములో ఏ సరుకు పోవునో ఏది పోదో అందరికిని తెలియును. వాణిజ్యశాస్త్ర విద్యార్థులు ఇద్దరు చొప్పున వంతులవారీగా ఖాతా వ్రాయుదురు. పొట్లములపై అంటించు చీటీలను ఉర్దూ విద్యార్థులు ఒకవైపు, తెలుగు విద్యార్థులు మరొకవైపు వ్రాసి ఇత్తురు. దినమునకు సంఘమొక్కటికి 770 రూపాయల అమ్మకము, ఇదియే మేము పైన తేల్చిన గీటు. ఏడాది చివర ఖాతా తెరచి చూచినప్పుడు అమ్మకము ఆ గీటు దాటినచో ఆ పుస్తకమును తీసికొని మండల సమాఖ్యవద్దకు పోయి బస్టాండు దాపున గదికై అడుగుదుము. దాటనిచో ఎందుకు దాటలేదో ఆ ఖాతాయే చెప్పును.