నెట్‌వర్క్ ఆధారిత బిందు సేద్యంలో రీడింగుల వ్యవధి, కొలత సూక్ష్మత: సమతుల్యం ఎక్కడ?

ఉపోద్ఘాతం

చిత్తూరు, తిరుపతి జిల్లాలలో బోరుబావుల కింద సాగయ్యే వేరుశనగ, టమాట, మామిడి పంటలకు బిందు సేద్యం కొత్త కాదు. 2003లో ఆంధ్రప్రదేశ్ సూక్ష్మ సేద్య పథకం ప్రారంభమైన నాటి నుండి ఆ పద్ధతి విస్తరించింది. నేల తేమను సెన్సారుతో కొలిచి, ఆ కొలతను రేడియో లేదా సెల్‌ఫోన్ నెట్‌వర్క్ ద్వారా పంపి, వాల్వును తెరచి మూసే స్వయంచాలక పరికరాలు ఇప్పుడు దానికి తోడవుతున్నాయి. వీటిని సిఫారసు చేసే ముందు విస్తరణ శాస్త్రవేత్త రెండు ప్రశ్నలకు జవాబు తెలుసుకోవాలి. ఎంత వ్యవధికి ఒకసారి కొలవాలి? ఒక్కొక్క కొలతను ఎన్ని బిట్లలో పంపాలి? బ్యాటరీపై నడిచే పరికరం రోజుకు పంపగల సమాచారం పరిమితం. కనుక ఒకటి పెంచితే మరొకటి తగ్గించక తప్పదు.

సిద్ధాంత నేపథ్యం

కొలతను నిర్ణీత మెట్లలో దగ్గరి మెట్టుకు సర్దడాన్ని క్వాంటైజేషన్ అంటారు. 8 బిట్లకు 256 మెట్లు, 10 బిట్లకు 1024 మెట్లు లభిస్తాయి. అస్థిర వ్యవస్థను అదుపులో ఉంచడానికి కావలసిన కనీస సమాచార వేగం, ఆ వ్యవస్థ తనంతట తాను గతి తప్పే వేగాన్ని బట్టి ఉంటుందని 2004లో నాయర్–ఎవాన్స్, తాటికొండ–మిట్టర్ తమ పరిశోధనా పత్రాలలో నిరూపించారు. రెండు రీడింగుల మధ్య విచలనం రెట్టింపయ్యే వ్యవస్థకు ప్రతి రీడింగుకు సగటున ఒక బిట్‌కు మించి సమాచారం అవసరం. నేల తేమ అటువంటి అస్థిర వ్యవస్థ కాదు. అది నెమ్మదిగా ఆరుతుంది. కనుక ఇక్కడ సమస్య స్థిరత్వానిది కాదు, ఖచ్చితత్వానిది.

నేల ఆరే దశ

ఉదాహరణకు 30 సెం.మీ. వేర్ల మండలం నుండి వేసవిలో రోజుకు 6 మి.మీ. నీరు ఆవిరవుతున్నదని భావిద్దాం. అప్పుడు ఘనపరిమాణం ప్రకారం తేమ రోజుకు 2 శాతం, గంటకు 0.083 శాతం తగ్గుతుంది. సెన్సారు పరిధి 0–50 శాతం, రోజువారీ పరిమితి 96 బిట్లు అనుకుందాం. తదుపరి రీడింగు వచ్చే లోపు తేమలో కలిగే మార్పు, మెట్టులో సగం – ఈ రెండింటి మొత్తమే గరిష్ఠ దోషం.

బిట్లు | రీడింగుల వ్యవధి | గరిష్ఠ దోషం (తేమ శాతం)
4 | 1 గంట | 1.65
8 | 2 గంటలు | 0.26
10 | 2½ గంటలు | 0.23
12 | 3 గంటలు | 0.26
16 | 4 గంటలు | 0.33

తరచుగా కొలిచి ముతకగా పంపినా, సూక్ష్మంగా కొలిచి అరుదుగా పంపినా దోషం పెరుగుతుంది. అయితే వాస్తవ నెట్‌వర్క్‌లో మరొక ఖర్చు ఉంది. లోరావాన్ పద్ధతిలో ప్రతి సందేశానికి చిరునామా, భద్రతా వివరాలకే కనీసం 13 బైట్లు కావాలి. కొలతను ఒక బైటు నుండి రెండు బైట్లకు పెంచితే సందేశం 7 శాతమే పెరుగుతుంది. రీడింగుల సంఖ్యను రెట్టింపు చేస్తే ఖర్చు కూడా రెట్టింపవుతుంది. కనుక ఆరే దశలో తక్కువ సందేశాలు, సూక్ష్మమైన కొలతలు మేలు.

నీరు పారే దశ

లేటరళ్ల మధ్య 60 సెం.మీ., డ్రిప్పర్ల మధ్య 40 సెం.మీ. దూరంతో, గంటకు 2 లీటర్ల డ్రిప్పర్లు ఉంటే గంటకు 8.3 మి.మీ. నీరు అందుతుంది. అది పొలమంతా సమంగా పరచుకున్నా తేమ గంటకు 2.8 శాతం పెరుగుతుంది. ఈ వేగం ఆరే వేగానికి 33 రెట్లు. డ్రిప్పరు కింద పెరుగుదల ఇంకా వేగంగా ఉంటుంది. ఇక్కడ కూడా 2½ గంటల వ్యవధే పాటిస్తే తేమ దాదాపు 7 శాతం పెరిగిన తరువాత గాని వాల్వు మూసుకోదు. ఎర్ర ఇసుక నేలల్లో ఆ అదనపు నీరు, దానితోపాటు నత్రజని, వేర్లకు అందకుండా లోతుకు ఇంకిపోతాయి. వాల్వు తెరిచి ఉన్నంతసేపు 5 నిమిషాలకొక రీడింగు తీసుకుంటే రెండు రీడింగుల మధ్య మార్పు 0.23 శాతానికి పరిమితమవుతుంది.

సందేశం దారిలో పోయే అవకాశమూ ఉంది. పై ఉదాహరణలో ఒక రోజు నష్టాన్ని పూరించడానికి సుమారు 43 నిమిషాలు చాలు. కాబట్టి మూసివేత సందేశం అందకపోయినా ఆ గడువు తీరగానే వాల్వు తనంతట తాను మూసుకునే ఏర్పాటు తప్పనిసరి.

క్షేత్రస్థాయి సూచనలు

1. ఒకే వ్యవధి గల పరికరాన్ని గాక, వాల్వు స్థితిని బట్టి వ్యవధి మార్చుకోగల పరికరాన్ని ఎంచుకోవాలి.
2. 0–50 శాతం మొత్తానికి బదులు, ఆ నేలకు వర్తించే 5–15 శాతం పరిధికే మెట్లను కేటాయిస్తే అదే బిట్లతో ఐదు రెట్ల సూక్ష్మత లభిస్తుంది.
3. వ్యవసాయ విద్యుత్తు రోజంతా ఉండదు. సరఫరా మొదలయ్యే ముందు ఒక రీడింగు తప్పక ఉండాలి. సరఫరా లేనప్పుడు మోటారు నడపలేము కనుక రీడింగులు తగ్గించవచ్చు.
4. బిట్లు పెంచినంత మాత్రాన సెన్సారు దోషం పోదు. స్థానిక మట్టి నమూనాలను 105 డిగ్రీల సెల్సియస్ వద్ద 24 గంటలు ఓవెన్‌లో ఆరబెట్టి తేమను లెక్కించి, సెన్సారు రీడింగుతో సరిపోల్చాలి.

ముగింపు

పరికరం సామర్థ్యాన్ని దాని బిట్ల సంఖ్యతోనో, రీడింగుల సంఖ్యతోనో విడివిడిగా తూచరాదు. ఆ పొలం ఎంత వేగంగా ఆరుతుంది, ఎంత వేగంగా తడుస్తుంది అన్నవే రెండింటికీ కొలబద్దలు. ఈ రెండు వేగాలను ముందుగా లెక్కించి చేసిన సిఫారసే బోరుబావి నీటిని నిజంగా ఆదా చేస్తుంది.