మీ తాత అబద్ధాలు

భూదాన్ పోచంపల్లి



సంవత్సరీకానికి మీ తాత మీద చిన్న పుస్తకం వేస్తున్నమని, చిన్ననాటి దోస్తుగా రెండు పేజీలు రాయమని అడిగినవు. నువ్వు పంపిన కాగితాలు చదివిన. సౌమ్యుడు, మితభాషి, సత్యసంధుడు అని రాసిండ్రు. సౌమ్యుడంటే సరే అనుకుందాం. మితభాషి అన్నకాడ నవ్వొచ్చింది. సత్యసంధుడు మాత్రం కొట్టెయ్యండి. వాడంత అబద్ధాలకోరు ఈ ఊళ్లె ఇంకొకడు పుట్టలేదు. (వాణ్ణి ‘వాడు’ అనకుండ నాకు రాయొస్తలేదు, ఏమనుకోకు.)

వినోబా మందిరం చూడనీకి పట్నం నుంచి ఎవరన్న వస్తే చాలు, మగ్గం గుంటల నుంచి లేచి పోయేటోడు. 1951 ఏప్రిల్ 18న భూమి లేనోళ్ల కోసం వినోబా భావే అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇస్తనని లేచి నిలబడ్డప్పుడు తాను నాయిన భుజం మీద కూసోని చూసిన్నని కండ్లకు కట్టినట్టు చెప్పేటోడు. మేమిద్దరం పుట్టింది 1960ల. తేదీ తప్పు చెప్పడు, ఎకరాలు తప్పు చెప్పడు, మధ్యల తనను ఇరికిచ్చుకుంటడు, అంతే. 2021ల ప్రపంచ పర్యాటక సంస్థ మన ఊరిని ఉత్తమ గ్రామాలల్ల చేర్చినంక వచ్చేటోళ్లు ఎక్కువైండ్రు, వాడి వయసు కూడా పెరుగుకుంట పోయింది.

ఏనుగుల ముచ్చట మీ ఇంట్ల ఎవరూ చెప్పి ఉండరు. అప్పుడు మేము ఏడో తరగతి. బడి నుంచి రాంగనే చిటికి కట్టే పనిల కూసోబెట్టేటోళ్లు. పోగులను చట్రం మీద సాగదీసి, బొగ్గుతోని గుర్తులు పెట్టి, రంగు పట్టొద్దన్న కాడ సైకిల్ ట్యూబును సన్నగ కోసిన రబ్బరుతోని బిగించి కట్టాలె. గులేరుకు కావాల్సింది కూడా ఆ రబ్బరే. ఏనుగు తోక కాడ కట్టాల్సింది మీ తాత గులేరుకు పోయింది. రంగుల ముంచినప్పుడు ఎవరూ చూడలేదు, విప్పి ఆరేసినప్పుడూ చూడలేదు. నేత మొదలుపెట్టినంక బయటపడ్డది. ఒక్క కట్టు కింద పోగులు మస్తుగుంటయి కదా, ఒక ఏనుగుకు తోక పోతే ఆ వరుసలున్న అన్నిటికీ పోయినట్టే. ఎర్రటి బట్ట మీద తెల్లటి ఏనుగులు, ఒక్కదానికీ తోక లేదు. వాళ్ల నాయిన కట్టె అందుకున్నడు. వీడు గుంజ చాటుకు పోయి, “ఏనుగులు ఉరుకుతున్నయి నాయినా, ఉరికేటప్పుడు తోక కనబడదు” అన్నడు. దెబ్బలైతే పడ్డయి. కొట్టుకుంటనే ఆయన మొఖం అటు తిప్పి నవ్విండు, నేను చూసిన.

ఇగ నువ్వు అడగని సంగతి. ఆసు పోసుడు మన ఇండ్లల్ల ఆడోళ్ల పని. ఒక దిక్కు ఒక మేకు, ఎదురుంగ అర్ధచంద్రం లెక్క మేకుల వరుస. పోగును అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు తిప్పుతనే ఉండాలె. ఒక్క చీరెకు నాలుగైదు గంటలు, చెయ్యి వేలసార్లు తిరుగుతది. మీ ముత్తవ్వకు కుడి భుజం పోయింది, కొప్పు కట్టుకుందామన్నా చెయ్యి లేవకపోయేది. పొద్దుగూకినంక మీ తాత తలుపు దగ్గరికేసి ఆమె జాగల కూసునేటోడు. మేము గులేరు పట్టుకొని పిలిస్తే లోపలి నుంచే “కడుపునొస్తుంది” అనేటోడు. రోజూ కడుపునొప్పి ఏందిరా అని మేము నవ్వినం. కిటికీల నుంచి తొంగి చూసిననాడు నాకు తెలిసింది. ఎవరికీ చెప్పొద్దని ఆ గులేరు నాకిచ్చిండు.

1999ల శారాజీపేట చింతకింది మల్లేశం తన తల్లి కష్టం చూడలేక ఆసు యంత్రం తయారు చేసిండు. 2017ల పద్మశ్రీ వచ్చింది. మీ ముత్తవ్వకు ఆ యంత్రంతోని పని పడలేదు, అప్పటికే ఆమె పోయింది. 2019ల ‘మల్లేశం’ సినిమా వస్తే మేమిద్దరం కలిసి పోయినం. ఇంటర్వెల్ల బయటికి పోయినోడు మళ్ల లోపలికి రాలేదు. చూస్తే మెట్ల మీద కూసోని ఉన్నడు. ఏమైందిరా అంటే, “లోపల ఏసీ ఎక్కువున్నది, సలి” అన్నడు. నేను పోయి పక్కన కూసున్న. సినిమా ఇద్దరం సగమే చూసినం.

పుస్తకం అట్ట మీదికి ఫ్లెక్సీ ఫొటో పెట్టకండి, మీసాలకు రంగేసుకొని దండం పెడుతున్నది. మగ్గం కాడ నోరు తెరిచి మాట్లాడుతున్నది ఒకటి మీ చిన్నాయిన ఫోన్ల ఉంటది, అది అడుగు. రాసింది ఎక్కువైతే వినోబా ముచ్చట తీసెయ్యి, ఏనుగులది ఉంచు. సినిమా సంగతి మాత్రం ముందు మీ నాయినమ్మకు చదివి వినిపించి వెయ్యి. ఆమెకు కూడా ఏసీ అనే చెప్పినట్టున్నడు.

మీ తాత దోస్తు