రోజుల లెక్క

1970 జనవరి 1 నుండి 2000 ఆగస్టు 15 వరకు ఎన్ని రోజులు గడిచాయి? నెలలన్నీ సమానం కావు. సంవత్సరాలూ సమానం కావు. కాబట్టి ఒక తేదీలో నుండి మరొక తేదీని నేరుగా తీసివేయడం కుదరదు. అందుకే కంప్యూటరు ప్రోగ్రాములు రాసేవారు ఒక తేదీని మొదలుగా పెట్టుకొంటారు. అక్కడి నుండి గడిచిన రోజులన్నింటినీ ఒకే సంఖ్యగా మారుస్తారు.

ఈ ఉపాయం కొత్తది కాదు. భారతీయ జ్యోతిశ్శాస్త్రంలో దీనిని 'అహర్గణం' అన్నారు. అహస్సు అంటే రోజు, గణం అంటే సమూహం. గణకులు కలియుగారంభం వంటి ఒక మొదలు నుండి రోజులు లెక్కించి, గ్రహాల స్థానాలు కట్టేవారు. యూనిక్స్ అనే కంప్యూటరు వ్యవస్థకు మొదలు 1970 జనవరి 1. ఆ రోజు సంఖ్య సున్న.

పై ప్రశ్నకు జవాబు ఇలా వస్తుంది. 1970 నుండి 1999 వరకు 30 సంవత్సరాలు. 30ని 365తో హెచ్చిస్తే 10,950. నడుమ వచ్చిన లీపు సంవత్సరాలు 7. వాటికి 7 రోజులు కలిపితే 10,957. 2000లో జూలై చివరి వరకు 213 రోజులు, ఆగస్టులో 15వ తేదీకి ముందు 14 రోజులు. మొత్తం 11,184.

దీనిని సరిచూడవచ్చు. 11,184ను 7తో భాగిస్తే శేషం 5. 1970 జనవరి 1 గురువారం. గురువారం తరువాత అయిదవ రోజు మంగళవారం. 2000 ఆగస్టు 15 మంగళవారమే.

ఇందులో కీలకం లీపు సూత్రం. 4తో నిశ్శేషంగా భాగింపబడే సంవత్సరం లీపు సంవత్సరం. కాని 100తో భాగింపబడేది 400తో కూడా భాగింపబడాలి. అందువల్ల 2000 లీపు సంవత్సరం, 1900 కాదు. లోటస్ 1-2-3 అనే లెక్కల ప్రోగ్రాము 1900ను లీపు సంవత్సరంగా ఎంచింది. తరువాత వచ్చిన ఎక్సెల్, లోటస్‌లో వేసిన లెక్కలు తారుమారు కాకూడదని ఆ తప్పును తెలిసే ఉంచుకొంది. 1900 జనవరి 1 నిజానికి సోమవారం. ఎక్సెల్ లెక్కలో ఆదివారం. లేని ఫిబ్రవరి 29 అందులో నేటికీ ఉంది. పదిమంది లెక్కలు ఆధారపడిన తరువాత తప్పును దిద్దడం కష్టం. మొదటే సరిచూడడం మేలు.

అభ్యాసం
1. 'అహర్గణం' అనే మాటను సొంతవాక్యంలో ప్రయోగించండి.
2. 2100 లీపు సంవత్సరమా? కారణం రాయండి.
3. మీరు పుట్టిన తేదీని రోజుల సంఖ్యగా మార్చి, అది ఏ వారమో కనుక్కోండి. ఇంట్లో పెద్దలను అడిగి సరిచూడండి.