ఆరుద్ర కార్తె చుక్క: ఎర్ర మహాతార

మాక్లూర్ ఊరి రైతుకు ఆరుద్ర అంటే కార్తె. జూన్ 22 ప్రాంతంలో వానకు తడిసిన చెలకలో ఎర్రని ఆరుద్ర పురుగు పాకుతుంటుంది. ఆ పేరిచ్చిన ఆర్ద్ర నక్షత్రం మాత్రం అప్పుడు కనబడదు, సూర్యుడి వైపే ఉంటుంది కాబట్టి. జనవరిలో రాత్రి పసుపు చేను దగ్గర నిలబడి తలెత్తితే వరుసగా మూడు చుక్కలు, వాటికి కాస్త ఎడంగా ఎర్రగా ఒకటి. అదే ఆర్ద్ర, పాశ్చాత్యుల బెటెల్‌గ్యూస్.

చాలామంది తడబడేది రంగు దగ్గరే. ఎరుపంటే వేడి ఎక్కువ అనుకుంటారు. కానీ నక్షత్రాల్లో ఎరుపే చల్లన. సూర్యుడి ఉపరితలం సుమారు 5,800 కెల్విన్, ఆర్ద్రది 3,500 చిల్లర. అయినా వేల రెట్లు ఎక్కువ కాంతి ఎలా? ఒళ్లు పెద్దది. వ్యాసార్థం సూర్యుడికి 700 రెట్ల పైమాటే. సూర్యుడి చోట పెడితే అంగారకుడి కక్ష్య దాటుతుంది. ద్రవ్యరాశి 15–20 రెట్లే, అందుకే సగటు సాంద్రత మన గాలికన్నా వేల రెట్లు తక్కువ.

సూర్యుడు కాక కోణీయ వ్యాసం కొలిచిన తొలి నక్షత్రమిదే (1920, మైకెల్సన్, పీస్). 2019–20లో మసకబారడానికి కారణం అది చిమ్మిన ధూళి. చివరికి సూపర్‌నోవాగా పేలుతుంది.