మిర్చి కల్లాల్లో దొంగలు: కాపలా కన్నా ముందు లెక్క

ఫిబ్రవరి, మార్చి నెలల్లో నల్ల తామర పురుగు గురించో, నల్లి గురించో రాయడం అలవాటు. ఈసారి పురుగు కన్నా మనిషి గురించే ఎక్కువ రాయాల్సి వస్తోంది. సత్తెనపల్లి నుంచి మార్కాపురం దాకా కల్లాలు నిండే రోజులివి. రాత్రికి రాత్రి మిర్చి మాయమైందన్న కబుర్లు కూడా ఈ రోజుల్లోనే వస్తాయి.

ధర బాగున్నప్పుడే దొంగలొస్తారని చాలామంది నమ్మకం. లెక్క వేసి చూడండి. 2023లో తేజ రకం క్వింటాలు 20 వేలు దాటినప్పుడు 45 కిలోల టిక్కీ (సంచి) విలువ 9 వేల పైమాటే. ధర పడిపోయి, 2025 ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించినప్పుడు కూడా అదే టిక్కీ 5,300. పది టిక్కీలు ట్రాలీ ఆటోలో వేసుకుపోతే యాభై వేలు పోయినట్టే. పైగా ధర పడిన ఏడాదే ప్రమాదం ఎక్కువ. రేటు వస్తుందేమోనని ఎండిన కాయను వారాల తరబడి కల్లంలోనే ఉంచేది అప్పుడే కదా.

కాయ ఎండడానికి పది పదిహేను రోజులు పడుతుంది. ఆ తర్వాత కల్లంలో ఉంచే ప్రతి రాత్రీ దొంగకూ అకాల వానకూ మీరిస్తున్న గడువే. తేమ 10–11 శాతానికి రాగానే తాలు ఏరించి, పగటిపూటే సంచులకెత్తి, ఆ సాయంత్రానికే ఇంటికో కోల్డ్ స్టోరేజీకో చేర్చండి. కుట్టిన సంచులు రాత్రి కల్లంలో ఉండకూడదు. పరిచిన కాయను ఎత్తుకుపోవడం కష్టం. కట్టిన టిక్కీ భుజాన వేసుకుంటే చాలు. సంచులు చాలవనో, ఆటో దొరకలేదనో చివరి రాత్రి వదిలేస్తే పది రోజుల కాపలా వృథా.

ఒంటరి కల్లం వద్దు. నాలుగైదు కుటుంబాలు రోడ్డుకు కనిపించే చోట, పక్కపక్కనే కల్లాలు వేసుకుని వంతుల వారీగా కాపలా ఉంటే ఒక్కొక్కరికి వారానికి ఒకటి రెండు రాత్రులే పడతాయి. కాపలా మనిషి నేల మీద పడుకోకూడదు. కట్లపాము రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్లనే ఎక్కువగా కాటేస్తుంది, కాటు పడ్డట్టు కూడా తెలియకపోవచ్చు. మంచం, దోమతెర, టార్చిలైటు తప్పనిసరి. దొంగ కనిపిస్తే వెంటపడి పొలాల్లోకి పరుగెత్తవద్దు. కేకలేసి పక్క కల్లం వాళ్లను లేపండి, 112కు ఫోన్ చేయండి. మిర్చి పోతే మళ్లీ పండుతుంది.

ఇక లెక్క. టిక్కీలు ఎన్ని, ఒక్కోటి ఎంత తూగింది, రకం ఏది, ఏ రోజు కట్టారు అన్నది నోటుపుస్తకంలో రాసి ఫోన్‌లో ఫోటో తీసుకోండి. మీకంటూ ఒక రంగు దారంతో మూతి కుట్టించండి. పేరు రాసిన చీటీ సంచి లోపల, కాయ మధ్యలో పెట్టండి. సంచి మీది గుర్తు చెరిపేస్తారు గాని లోపలి చీటీ కోసం ఎవరూ వెతకరు. ఈ-పంట నమోదు రసీదు కూడా దగ్గర ఉంచుకోండి. పోలీసు స్టేషన్‌కు వెళ్లి "ఓ పాతిక బస్తాలు పోయాయండీ" అంటే కేసు నిలవదు.

2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో దొంగతనానికి 303వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు ఉంది. సొత్తు విలువ 5 వేల లోపై, తొలిసారి నేరం రుజువైనవాడు దాన్ని తిరిగి ఇచ్చేస్తే సమాజ సేవతో సరిపెడతారు. కనుక తూకం రాసి ఉండటం ఎంత ముఖ్యమో మీరే గ్రహించండి. స్టేషన్‌లో ఫిర్యాదు తీసుకోకపోతే జిల్లా ఎస్పీకి పోస్టులో పంపవచ్చు. పంట బీమా మాత్రం దొంగతనానికి వర్తించదు.

దొంగసొత్తుకు కొనేవాడుంటేనే దొంగ ఉంటాడు. ఊళ్లో చిల్లర కాటా పెట్టుకుని, ఎవరిదని అడగకుండా తక్కువకు కొనే వ్యాపారి కూడా నేరస్థుడే. అలాంటి కాటా ఏదో ఊరందరికీ తెలుసు, అడగడానికే మొహమాటం.

పురుగుమందుల కొట్లవాళ్ల సంగతి చెప్పకుండా ఉండలేను. సీజనంతా అవసరం లేని మందులు అంటగట్టినవాళ్లే ఇప్పుడు సైరన్లు, కెమెరాలు అప్పు మీద ఇస్తామంటున్నారు. కల్లం ఉండేది నెలా రెండు నెలలు. నలుగురు కలిసి ఒక కెమెరా, రెండు సోలార్ లైట్లు కొనుక్కుంటే చాలు. చివరి కోత ముందు రంగు కోసమని, మెరుపు కోసమని అమ్మే సీసాలు అసలే కొనవద్దు. ఆ అవశేషాలతో సరుకు పనికిరాకుండా పోతే నష్టం మీది, కొట్టువాడిది కాదు.

రెండు పనులు మాత్రం ఎంత కోపమొచ్చినా చేయవద్దు. కల్లం చుట్టూ కరెంటు తీగ లాగవద్దు. అడవి పందుల కోసం లాగిన తీగలకే మనుషులు పోతున్నారు. రేపు తెల్లవారుజామున దాన్ని తాకేది మీ కూలి మనిషో, మీ పిల్లవాడో కావచ్చు. అప్పుడు జైలుకు పోయేది దొంగ కాదు. అలాగే, దొంగలు కోయకుండా పెరటి కాయల మీద విషపు మందు కొట్టడం తెలివి కాదు, నేరం. మోనోక్రోటోఫాస్‌ను కూరగాయల మీద వాడకూడదని నిషేధం ఉన్నా "ఒక్కసారి కొట్టండి, ఎవడూ ముట్టడు" అనే సలహా కొట్లలో వినిపిస్తూనే ఉంది.

పెరటి తోటకు వేరే మందు ఉంది. బొప్పాయి చార పడగానే, అరటి గెల పక్వానికి రాగానే కోసేసి ఇంట్లో మాగబెట్టండి. ప్రహరీ పక్కన నిమ్మ, వాక వంటి ముళ్ల మొక్కలు వేసి, కూరగాయలు లోపలికి జరపండి. గోడ అవతలికి వంగిన మునగ కొమ్మ కాయలు పక్కింటివాళ్లకు మీరే ఇచ్చేస్తే వాళ్లే మీ పెరటికి కాపలా అవుతారు.

చివరి కోత అయ్యాక చేలో పరిగె ఏరుకునే ఆడవాళ్లను దొంగలతో కలిపి తిట్టవద్దు. కల్లంలోకి రాకూడదని ముందే చెప్పండి, చేను వదిలేయండి.

మిగతా పంటలు: పత్తి తీతలు ముగించి, గులాబీ పురుగు వచ్చే ఏటికి మిగలకుండా మోళ్లు పీకేయండి. తీసిన పత్తిని చేలో కుప్పగా ఉంచవద్దు. శనగ కోసిన వెంటనే నూర్పిడి చేయండి. మొక్కజొన్న కండెలు కప్పడానికి పట్టాలు సిద్ధంగా ఉంచండి.

ఈ వారమే పక్క కల్లాల వాళ్లతో కూర్చుని వంతులు రాసుకోండి. ఎండిన కాయను ఎండిన రోజే ఎత్తండి. ఈ రెండూ చేసిన రైతుకు కొట్లో కొనాల్సిన కాపలా సామాను పెద్దగా ఉండదు.