తంతి స్తంభముపై గాజు గిన్నె

అమెరికా దేశమందు వాడుక మానిన తంతి లైన్లనుండి పాత గాజు ఇన్సులేటర్లను కొందరు ప్రీతితో సేకరించుచున్నారు.

వీటి పని యేమి? గాజులో విద్యుత్తు పారదు. బోర్లించిన గిన్నెవలె నుండుటచే లోపలి భాగము వానలోను పొడిగా నుండును. కనుక తడిసిన స్తంభముగుండ విద్యుత్తు నేలకు పోదు.

మొదట వీటికి మరలు లేవు, సులభముగా ఊడిపోయెడివి. 1865లో లూయీ కావెట్ లోపల మరలుగల ఇన్సులేటరుకు పేటెంటు పొందెను. మాంగనీసు కలిసిన తెల్లగాజు ఏండ్లతరబడి ఎండ తగిలి ఊదారంగుగా మారును.

అయితే ఒక హెచ్చరిక: విడువబడినట్లు కనబడు తీగెలో ప్రాణము తీయు విద్యుత్తు ఉండవచ్చును. విడిచినదైనను అది ఒకరి సొత్తే. స్తంభ మెక్కకుడి, యజమాని సెలవు లేక ముట్టకుడి. అడిగి పొందిన పగిలిన గాజు, దొంగిలించిన మంచిదానికంటె మేలు.

ప్రశ్న: ఎవరును చూడని చోట మనము సెలవు అడుగుదుమా?